పిడుదు కుడితే కీళ్లు పాడవుతాయా?

భాకరాపేట వైపు మేకలు మేపే మీ నాన్నగారికి నెలల తరబడి ఒక మోకాలు వాచి ఉందని, పిడుదులు కుట్టి వచ్చే లైమ్ జబ్బేమోనని అడిగారు. లైమ్ జబ్బు కీళ్లను దెబ్బతీసే మాట నిజమే. కుట్టిన చోట ఎర్రటి మచ్చ వలయంలా పెరుగుతుంది. నెలలు గడిచాక ఎక్కువగా మోకాలే వాస్తుంది. మందు పడకపోతే లోపలి మృదులాస్థి చెడవచ్చు. కానీ అది ప్రధానంగా అమెరికా, ఐరోపా అడవుల జబ్బు. మన దగ్గర అరుదు.

మా అన్నయ్య బంగారుపాళ్యం మామిడి తోటల్లో కాపలా ఉంటాడు. ఒక వానాకాలం విడవని జ్వరం, కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయాడు. ఊళ్లో వేసిన సూదులకు లొంగలేదు. తిరుపతిలో డాక్టరు పని ఏమిటని అడిగి, చొక్కా విప్పించి, మొలతాడు పక్కకు జరిపి చూశారు. అక్కడ బీడీతో కాల్చినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎరుపు. నొప్పి, దురద లేకపోవడంతో ఎవరి కంటా పడలేదు. స్క్రబ్ టైఫస్ అన్నారు. దాన్ని తెచ్చేది పిడుదు కాదు, పొదల్లో ఉండే, కంటికి ఆనని నల్లి పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు, ‘మైట్’ అనే పురుగు). డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక జ్వరం ఇట్టే దిగింది. నొప్పులు కొంతకాలం సతాయించి పోయాయి, కీళ్లు చెడలేదు.

మీ నాన్నగారిది ఆ తీరులా లేదు. మేకల కాపరి కాబట్టి నేనైతే ముందు బ్రూసెల్లోసిస్ పరీక్ష అడుగుతాను. ఈసుకుపోయిన (నెలలు నిండకుండా కడుపు పోయిన) మేకలను ఒట్టి చేతులతో ముట్టుకున్నా, కాచని పాలు తాగినా అది సోకుతుంది. సాయంత్రాలు జ్వరం, చెమటలు, తర్వాత నడుము, తుంటి, మోకాలు. కనీసం 6 వారాలు రెండు రకాల మందులు వాడాలి, మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మోకాలికి క్షయ రావడం కూడా ఉంది.

వాపు దిగుతుందని ఎవరో చెప్పారని మోకాల్లో స్టెరాయిడ్ సూది మాత్రం ఇప్పుడే వేయించకండి, లోపల సూక్ష్మజీవి ఉంటే అది ముదురుతుంది. తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకెళ్లి, కీలులో నీరు తీసి పరీక్షించమని అడగండి. మందల్లో ఈ మధ్య మేకలు ఈసుకుపోయాయా అన్నది వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ఇక పిడుదు ఒంటిని పట్టుకుని కనిపిస్తే కిరసనాయిలు పోయడం, కాల్చడం వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా తిన్నగా లాగేస్తే చాలు.