ఆలిచిప్పలు ఉడికించిన నీళ్లు పారబోయకు

అమ్మా సుజాతా,

అక్క మోకాళ్ల నొప్పులకి ఆలిచిప్పల (ఇంగ్లీషులో మసెల్స్) సారం క్యాప్సూల్స్ కొంటానన్నావు. అది గాలి కబురేం కాదు. మీ కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే పచ్చ ఆలిచిప్పల నుంచి అలాంటిది తయారుచేసింది. కాకపోతే న్యూజిలాండ్ ఆలిచిప్పల సారం మీద చేసిన పరీక్షల్లో కొన్నిట్లో నొప్పి తగ్గింది, కొన్నిట్లో తేడా కనబడలేదు. డాక్టర్ని అడిగాకే వెయ్యి. ఆయన రాసిన మాత్రలు మాత్రం మానిపించకు.

నన్నడిగితే ముందు ఆలిచిప్పలే వండిపెట్టు. అక్కడ కల్లుమ్మక్కాయ అంటారు. నీలి ఆలిచిప్పల లెక్క చూస్తే, ఉడికిన మాంసం 100 గ్రాముల్లో బి12 విటమిన్ 20 మైక్రోగ్రాముల పైమాటే. మనకి రోజుకి కావలసింది రెండున్నర లోపు. అక్కకి అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నావు కదా, బి12 తగ్గినా అలా అవుతుంది. రక్తపరీక్ష చేయించు. యూరిక్ యాసిడ్ కూడా చూపించు, అది ఎక్కువుంటే ఇవి తగ్గించాలి.

నోరు మూసుకుని ఉన్నవే కొను. తెరుచుకున్నదాన్ని వేలితో తడితే మూసుకోవాలి, లేకపోతే అది చచ్చినట్టే, పారెయ్యి. పక్కన వేలాడే పీచు లాగేసి, చిప్పలు బాగా రుద్ది కడుగు. అడుగున గ్లాసుడు నీళ్లు పోసి మూతపెట్టు. ఉడికినా నోరు తెరవనివి తీసెయ్యి. అసలు సంగతి ఇక్కడుంది. టారిన్ అని ఒంటికి పనికొచ్చే పదార్థం వీటిలో దండిగా ఉంటుంది, అది నీళ్లలో కరిగిపోతుంది. చాలామంది ఆ నీళ్లు తొట్లో ఒంపేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పల్చటి గుడ్డలో ఇసక లేకుండా వడగట్టి, మిరియాలు, వెల్లుల్లి వేసి చారు పెట్టు. ఉప్పు రుచి చూశాకే వెయ్యి.

ఒమేగా-3 కొవ్వులు వీటికి నాచు తినడం వల్లే వస్తాయి. సముద్రంలో విషపు నాచు పెరిగితే ఆ విషమూ వీటి ఒంట్లో చేరుతుంది. ఎంత ఉడికించినా అది చావదు. 1997లో కేరళ తీరంలోని విళింజంలో ఇవి తిని మనుషులు చనిపోయారు. అందుకే అలాంటి నాచుతో సముద్రపు నీళ్లు ఎర్రబడ్డాయన్న వార్త వింటే, మళ్లీ పర్వాలేదని అధికారులు చెప్పేదాకా కొనకు. మురుగు కలిసే చోట ఏరినవి అసలొద్దు.

అల్లుడికి రొయ్యలు పడవు కదా, వీటికీ దద్దుర్లు రావచ్చు. చారు కూడా పొయ్యకు, ఆయనకి వేరే గిన్నెలో పప్పు వండు.

మీ మావయ్య