బల్ల చుట్టూ ఆడుకునేవారిపై ప్రకటనల ఎగతాళి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను అమెరికాలోని కొలంబస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు మిత్రులు నలుగురితో కలిసి శనివారం సాయంత్రాలు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతుంటాను. ఈమధ్య ఇక్కడి టీవీలో ఒక ఇంటర్నెట్ కంపెనీ ప్రకటన పదేపదే వస్తోంది. నలభై ఏళ్ల మనిషి ఒకడు తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్‌లో మంత్రగాడి టోపీ పెట్టుకుని, ఒక్కడే కూర్చుని పాచికలు వేస్తుంటాడు. పైనుంచి తల్లి భోజనానికి పిలుస్తుంది. కిటికీలోంచి చూసిన పక్కింటి అమ్మాయి జాలిపడి మొహం తిప్పుకుంటుంది. మా ఇంటికి వచ్చిన మామగారు అది చూసి, ‘ఏం అల్లుడూ, శనివారం నువ్వు వెళ్లి ఆడేది ఇదేనా?’ అని నవ్వారు. నేనూ నవ్వేశాను గాని మనసు చివుక్కుమంది. మా ఆవిడ మాత్రం, మీలో మీరు ఇంతకంటే ఎక్కువగా ఆటపట్టించుకుంటారు కదా, దీనికి బాధ దేనికి అంటోంది. ఈ ప్రకటనను అవమానకరం అనవచ్చా? ఫిర్యాదు చేసే వీలుందా?
– ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: అనవచ్చు. మీరు అతిగా స్పందించలేదు. అయితే అందులో ఏ భాగం అవమానకరమో, అది ఎంతటి అవమానమో విడదీసి చూడాలి.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం ముందుగా కొంత చెప్పాలి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణం నుంచి వెలువడిన ఈ ఆటలో ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో చెబుతూ కథను ముందుకు తీసుకుపోతారు. వీరుడు గోడ దూకగలిగాడా, కాపలావాడు అతని మాట నమ్మాడా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాచికలనగానే మనకు శకుని గుర్తుకు రావడం సహజమే గాని, ఇందులో పందెమూ లేదు, డబ్బూ లేదు. బల్ల చుట్టూ ఉన్నవారంతా సాధారణంగా ఒకే జట్టు.

కాబట్టి ఆ ప్రకటన మొట్టమొదట అబద్ధం. అది చూపిన ఏకాకి ఈ ఆటను మామూలుగా ఆడలేడు. నలుగురైదుగురు ఒకచోట చేరి, మూడు నాలుగు గంటల సేపు ఎదుటివారి మాట వింటూ, తమ వంతు కోసం ఓపిక పడుతూ, కిందటి వారం కథ ఎక్కడ ఆగిందో అందరూ కలిసి గుర్తు చేసుకుంటూ ఆడవలసిన ఆట ఇది. ఇండియానాపోలిస్‌లో ఏటా జరిగే జెన్ కాన్ అనే ఆటల ఉత్సవానికి 2023లో 70 వేల మందికి పైగా వచ్చారు. మీ కొలంబస్‌లోనే ఏటా ఆరిజిన్స్ అనే ఆటల ఉత్సవం జరుగుతుంది. ఒంటరితనానికి గుర్తుగా చూపడానికి దీనికంటే తగని ఆట మరొకటి దొరకదు.

అబద్ధమంత మాత్రాన ఏదీ అవమానం కాదు. అవమానం ఎక్కడుందంటే, ఆ ప్రకటన ఆటను చూసి నవ్వడం లేదు. ఆడేవాణ్ని ఎదగని మనిషిగా, ఏ స్త్రీ ఆదరించని మనిషిగా, అమ్మ చాటున బతికే మనిషిగా చూపి నవ్విస్తోంది. పైగా ఆ వెక్కిరింత నిన్నమొన్న పుట్టింది కాదు. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ల విద్యార్థి ఒకడు కనిపించకుండా పోయినప్పుడు, క్యాంపస్ కింద ఉన్న ఆవిరి గొట్టాల సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయి ఉంటాడన్న ఊహను పత్రికలు దేశమంతటా మోగించాయి. ఆ పిల్లవాడి కష్టాలు వేరు. అతన్ని వెతికిన ప్రైవేటు డిటెక్టివే తర్వాత తన పుస్తకంలో ఆటకు ఆ సంగతితో సంబంధం లేదని రాశాడు. అయితే అప్పటికే నింద నాటుకుపోయింది. కొడుకు ఆత్మహత్య చేసుకున్న దుఃఖంలో ఒక తల్లి 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా సంఘం పెట్టింది. 1985లో ‘60 మినిట్స్’ అనే పేరున్న టీవీ కార్యక్రమం, ఈ ఆట పిల్లలకు ప్రమాదమా అంటూ చర్చ పెట్టింది. ఆ రోజుల్లో ఎందరో పిల్లలు తమ పుస్తకాలనూ పాచికలనూ ఇంట్లోవాళ్ల కంటపడకుండా దాచుకోవలసి వచ్చింది. ఆట పుట్టిన విస్కాన్సిన్‌లోనే ఒక జైలు ఖైదీలకు దీన్ని నిషేధిస్తే, ఆ నిషేధం చెల్లుతుందని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2010లో తీర్పు చెప్పింది. ముఠాలు కట్టడానికి దారితీస్తుందన్నది జైలు అధికారుల వాదన. మొదట భయపడ్డారు, భయం తగ్గాక జాలిపడ్డారు, ఇప్పుడు నవ్వుతున్నారు. ఎప్పుడూ ఆడేవాణ్ని ఏదో లోపమున్నవాడిగానే చూశారు. మీ మనసు చివుక్కుమనడానికి కారణం ముప్పై సెకన్ల ప్రకటన ఒక్కటే కాదని నా అభిప్రాయం.

మీ శ్రీమతి అడిగినదానికి వస్తాను. ఆడేవారు తమను తాము ఎంతగా ఆటపట్టించుకుంటారో అందరికీ తెలుసు. కీలకమైన ఘట్టంలో అన్నిటికంటే చెడ్డదైన ‘ఒకటి’ పడ్డ పాచికను శిక్షగా ఒక గిన్నెలో వేసి, ‘జైలు’లో పెట్టామని ప్రకటించి, ఆ రాత్రికి దాన్ని ముట్టని పెద్దమనుషులున్నారు. తలుపు తెరవాలా వద్దా అని ముప్పావుగంట చర్చించి, చివరికి దానికి తాళమే లేదని తెలుసుకునే జట్లున్నాయి. ఇవన్నీ నవ్వదగినవే, వీటి మీద ఎంత గొప్ప ప్రకటనైనా తీయవచ్చు. ఆడేవారే ముందుగా నవ్వుతారు. ఆ పరిహాసం చేసేవాడికి ఆట తెలిసి ఉంటుంది. మీరు చూసిన ప్రకటన తీసిన ఇంటర్నెట్ కంపెనీవారికి టోపీ తప్ప మరేమీ తెలియదు.

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పక తప్పదు. ఆన్‌లైన్ ఆటలు ఊపందుకున్న రోజుల్లో ఈ ఆట ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారే ఒక ప్రకటన వేశారు. బేస్‌మెంట్‌లో కూర్చుని ఎల్ఫ్‌నని (కథల్లోని మాయాజాతి మనిషినని) ఊహించుకోవాలనుకుంటే, కనీసం కొందరు స్నేహితులనైనా పిలుచుకొమ్మని దాని భావం. బేస్‌మెంటూ అదే, కల్పనా అదే, కానీ అది స్నేహితుల్ని పిలవమంది. అందుకే ఆడేవారు చాలామంది నవ్వుకున్నారు. నేను దాన్ని అవమానకరం అనను. అయినా పూర్తిగా నచ్చిందనీ అనలేను. తమ మీద పడిన నిందను తుడిచేసుకోకుండా, కంప్యూటర్ ముందు ఆడుకునేవారి మీదకు నెట్టారు.

ఫిర్యాదు సంగతి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటన మోసపూరితమా కాదా అని చూస్తుంది గాని, ఎవరి మనసు నొచ్చిందో చూడదు. పోలికకు బ్రిటన్‌ను చూస్తే, అక్కడి ప్రకటనల నియమావళి తీవ్రమైన, లేదా విస్తృతమైన మనస్తాపం కలిగించే ప్రకటనలను కూడదంటుంది. కానీ అది ప్రత్యేక జాగ్రత్త కోరేది జాతి, మతం, లింగం, వైకల్యం, వయసు వంటి విషయాల్లో. కాలక్షేపపు ఆటలు ఆ జాబితాలో లేవు, ఉండాలని నేను కోరను. పుట్టుకతో వచ్చిన గుర్తింపు మీద పడే దెబ్బనూ, ఇష్టపడి ఎంచుకున్న ఆట మీద పడే దెబ్బనూ ఒకే తక్కెడలో తూస్తే మొదటివారికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. కాబట్టి నిషేధం అడగకండి. వినియోగదారుడిగా ఆ కంపెనీకి ఉత్తరం రాసి, తమ ప్రకటనలో ఏది అబద్ధమో వివరంగా చెప్పండి. మామగారు ఇంకా అక్కడే ఉంటే, ఒక శనివారం వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ప్రకటనలు రాస్తుంటాను. ఒక బోర్డు గేమ్ కేఫ్ యజమాని, ‘గర్ల్‌ఫ్రెండ్ లేదా? పాచికలున్నాయి, వచ్చేయ్!’ అన్న వాక్యం కావాలంటున్నారు. నాకు ఇబ్బందిగా ఉంది. సరదాకే కదా అంటున్నారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డబ్బు చెల్లించి వచ్చే కస్టమర్‌ను గుమ్మంలోనే దిక్కులేనివాడివి అని పిలుస్తున్నామని చెప్పండి. అంతకంటే ముఖ్యంగా, ఆ వాక్యం ప్రకారం అక్కడికి ఆడవాళ్లు ఆడటానికి రారు. ఆడటానికి వచ్చే అమ్మాయిలు ఆ బోర్డు చదివి ఏమనుకోవాలి? మన దేశంలో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2022లో తన నియమావళిని సవరించి, శరీరాకృతి, వయసు, లైంగికత, మానసిక స్థితి వంటి కారణాలతో ఎవరినీ హేళన చేయరాదని చేర్చింది. ఈ వాక్యం ఆ నియమం కిందికి వస్తుందని నేను అనను. కానీ యజమాని అడగవలసింది నియమం ఏమంటుందని కాదు, కేఫ్‌లో రోజూ కనిపించేవారు దాన్ని చదివి లోపలికి వస్తారా అని.

నవ్వించాలంటే దారి ఉంది. ఐదుగురు స్నేహితులు ఒక వాట్సాప్ గ్రూపులో ఆట కోసం తేదీ కుదుర్చుకోవడానికి ప్రయత్నిస్తుంటారు. ఒకరికి ఆన్‌కాల్, ఒకరికి మేనత్త కూతురి పెళ్లి, ఒకరు నెల తర్వాత ‘సారీ, ఇప్పుడే చూశాను’ అంటారు. ఉగాది పోయి దసరా వస్తుంది. ఆ చివరలో కేఫ్ బల్ల, ఐదు కుర్చీలు, ఒక ఫోన్ నంబరు. ఈ ఆటలు ఆడేవారెవరిని అడిగినా తమ అసలు కష్టం ఇదేనంటారు. యజమానికి ముందు దీన్ని చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే, రెండు వాక్యాలనూ శనివారం కేఫ్‌కు వచ్చినవారికే ఇచ్చి, ఏది చదివి నవ్వారో ఆయన్నే చూడమనండి.