రెయిన్‌డీర్ మన దగ్గర బతకదు. మందలు కలిపే ముందు మాత్రం అలాస్కా కథ వినండి

సందేహం: మాది నారాయణపేట జిల్లా మక్తల్ దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలే ఆధారం. అన్నదమ్ములం నలుగురం, అందరివీ కలిపితే ఆరేడు వందల జీవాలు. మా బిడ్డ, అల్లుడు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఉంటారు. మనం గొర్రెల్ని కాసినట్టే అక్కడ కుటుంబాలు రెయిన్‌డీర్ అనే జింకల్ని కాస్తాయని, ఆ మాంసం బండ్ల మీద కూడా అమ్ముతారని వీడియో పంపింది. ఒక జత తెప్పించి మా మందలో పెంచవచ్చా? వాళ్లకు ఆ వృత్తి తరతరాలుగా ఎట్లా నిలబడింది? మా పిల్లలు మంద వెంట తిరగలేమంటున్నారు. అందుకని నలుగురి గొర్రెలూ ఒకటే మంద చేసి, వాటాలు కాగితం మీద రాసుకుని, జీతగాళ్లను పెట్టి కృష్ణ ఒడ్డుకు తోలుదామని ఆలోచన. మంచిదేనా? రెయిన్‌డీర్ కొమ్ముల పొడి పొట్టేళ్లకు పెడితే ఎద బాగా వస్తుందంటున్నారు, నిజమా?

జవాబు: మొదటిదానికి సూటిగా చెబుతాను. వద్దు. రెయిన్‌డీర్ వెంట్రుక లోపల బోలుగా, గాలి నిండి ఉంటుంది. గడ్డకట్టే చలిలో దాన్ని కాపాడేది అదే. మనకు హాయిగా అనిపించే ఎండకే అది నోరు తెరిచి రొప్పుతుంది, మక్తల్ మే నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. మేత ఇంకో చిక్కు. చలికాలమంతా అది మంచును గిట్టలతో తవ్వి లైకెన్ తింటుంది. మసాలాలో వేసే రాతిపువ్వు ఆ కోవదే. అన్నిటికన్నా ముఖ్యం, గొర్రెల ఒంట్లో ఒక రకం హెర్పిస్ వైరస్ ఉంటుంది. గొర్రెకు దానితో ఏ బాధా లేదు. అదే రెయిన్‌డీర్‌కు అంటుకుంటే విపరీతమైన జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, ఆపైన చావు. అంటే మీ మందే దానికి గండం. విదేశీ జీవాన్ని తేవాలంటే కేంద్రం అనుమతులు, క్వారంటైన్ సరేసరి.

మీ బిడ్డ ఆ మాంసం తింటే నేరమేమోనని మనసులో ఉంటే ఆ భయం వద్దు. మన చుక్కల జింక అడవి జంతువు, చట్టం రక్షణలో ఉంది. అక్కడి రెయిన్‌డీర్ చెవికి గుర్తు ఉన్న, యజమాని ఉన్న పెంపుడు జీవం. దాని అడవి చుట్టాన్ని అక్కడ కారిబూ అంటారు. జాతి రెండిటిదీ ఒకటే. కథ మలుపు తిరిగేది అక్కడే, మళ్లీ చెబుతాను.

రెండో ప్రశ్నలో చిన్న సవరణ. నార్వే, స్వీడన్‌లలోని సామీ, సైబీరియాలోని చుక్చీ అనే స్థానిక జాతుల వాళ్లకు ఇది చాలా పాత వృత్తి. అలాస్కాలో మాత్రం వయసు 130 ఏళ్లు పైచిలుకు, అంటే నాలుగైదు తరాలు. తిమింగలాల వేట ఓడలు సముద్రాన్ని ఖాళీ చేస్తుంటే అలాస్కా తీరంలోని స్థానిక జాతి ఇన్యుపియాట్ వాళ్లకు తిండి కరువైందని, అక్కడ విద్యాశాఖ అధికారిగా ఉన్న షెల్డన్ జాక్సన్ 1892లో సైబీరియా నుంచి ఓడ మీద 171 రెయిన్‌డీర్లను పశ్చిమ అలాస్కా సూవర్డ్ ద్వీపకల్పంలోని టెల్లర్‌కు తెప్పించాడు. కాపు నేర్పడానికి మొదట చుక్చీలు, తర్వాత సామీలు వచ్చారు. ఇన్యుపియాట్ కుర్రాళ్లు కొన్నేళ్లు వాళ్ల దగ్గర పని నేర్చుకుంటూ ఉంటే ఏటా కొన్ని జీవాలు సొంతానికి ఇచ్చేవారు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. జీతం డబ్బుగా ఇస్తే ఖర్చయిపోతుంది. జీవంగా ఇస్తే అది ఈనుతుంది, కుర్రాడు దాన్ని వదిలి పోడు.

అట్లా 1895లో అప్పుగా తీసుకున్న మందతో సొంత కాపరి అయినవాడు చార్లీ ఆంటిసార్లుక్. 1900లో జబ్బులు ఊళ్లను ఊడ్చేసినప్పుడు చనిపోయాడు. మంద మాదని అతని అన్నదమ్ములు పేచీ పెట్టారు. భార్య మేరీ పట్టు విడవక సగం నిలుపుకుని, దాన్ని పెంచి, ఆ ప్రాంతంలో పేరుపడ్డ మంద యజమానురాలైంది. ఆస్తి తగాదాలు మన ఊళ్లలోనే కాదు, మంచులోనూ ఉన్నాయి.

ఇక మీ మూడో ప్రశ్నకు నేరుగా తగిలే భాగం. 1930ల మొదట్లో అలాస్కాలో రెయిన్‌డీర్ 6 లక్షలు దాటిందని అంచనా. 1950 నాటికి మిగిలినవి సుమారు 25 వేలు. తోడేళ్లు తిన్నాయి, చలికాలపు మేత అరిగిపోయింది, ఎన్నో కారిబూల్లో కలిసి పోయాయి. వీటన్నిటి వెనక ఇంకొకటి ఉంది. 1920ల్లో చాలాచోట్ల కుటుంబాల చిన్న మందల్ని కలిపి వాటాల సంఘాలు చేశారు. నా జీవం, నా చెవిగుర్తు పోయి కాగితం మీద ఇన్ని వాటాలు అయ్యాయి. పక్కనే ఉండి రాత్రింబవళ్లు కాసే పద్ధతి పోయి, వదిలేసి ఏడాదికి ఒకట్రెండు సార్లు పోగుచేసే పద్ధతి వచ్చింది. వదిలేసిన మందకు తోడేలూ తెలుసు, కారిబూ తెలుసు, యజమానే తెలియడు. పెద్ద వ్యాపార కంపెనీ మందలతో తగాదాలు ముదిరాక, 1937 చట్టంతో అలాస్కాలో రెయిన్‌డీర్ యాజమాన్యం స్థానిక జాతులకే పరిమితమైంది. అప్పటికే పతనం మొదలైంది.

చెదరగొట్టే దెబ్బ 1990ల్లో మళ్లీ తగిలింది. పశ్చిమ ఆర్కిటిక్ కారిబూ గుంపు లక్షల్లో పెరిగి చలికాలానికి సూవర్డ్ ద్వీపకల్పంలోకి దిగింది. వెళ్లేటప్పుడు వేలాది రెయిన్‌డీర్లు వెంట నడిచి పోయాయి. కొన్ని కుటుంబాలకు ఒక్కటీ మిగల్లేదు. నిలబడిన వాళ్లు జీవాల మెడకు రేడియో పట్టీలు కట్టి, కారిబూ ఎటు వస్తోందో చూసుకుంటూ మందను పక్కకు మళ్లించుకున్నారు. ఇప్పటికీ అక్కడ ఒక్కో కాపరికి మేపు ప్రాంతం పర్మిట్ మీద విడిగా ఉంటుంది. వేసవిలో ఇల్లంతా కదిలి, మంచుబండ్లకు బదులు నాలుగు చక్రాల బండ్లతో, కొన్నిసార్లు హెలికాప్టర్‌తో మందను దొడ్డికి తోలి, దూడల చెవికి గుర్తు వేసి, మందు ఇచ్చి వదులుతారు.

మేపు లెక్కకు ఒక ఉదాహరణ చాలు. అలాస్కాలోనే, తోడేలు లేని సెయింట్ పాల్ ద్వీపంలో 1911లో 25 రెయిన్‌డీర్లను వదిలితే 1938 నాటికి దాదాపు 2,000 అయ్యాయి. 1950కి మిగిలినవి 8. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. అరిగితే మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది.

కాబట్టి మీ నలుగురికీ నా మాట ఇది. మంద కలపండి, వాటాలు కలపకండి. ఎవరి గొర్రెకు వారి చెవిగుర్తు ఉండాలి. నలుగురిలో ఒకరైనా, కనీసం వంతుల వారీగా, మంద వెంట ఉండాలి. జీతగాడికి జీతంలో కొంత ఆడ గొర్రెపిల్లలుగా ఇవ్వండి, వాటికీ గుర్తు వేయండి. ఆరేడు వందలు ఒకే గుంపుగా ఒకే బీడు తొక్కకుండా రెండుగా విడదీసి దారులు మార్చండి. కలిపే ముందు ఎవరి మందలోనైనా గొర్రెలు ఈసుకుపోతుంటే, అంటే కడుపు జారుతుంటే, ఆ మందకు రక్త పరీక్ష చేయించండి. ఈసుడు రోగం మనిషికీ అంటుతుంది. జారిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తీయవద్దు. పారుడు రోగం, చిటుకు రోగం, నీలి నాలుక టీకాలు నాలుగు మందలకూ ఒకే వరుసలోకి తెచ్చాకే కలపండి. దారిలో ఇబ్బంది వస్తే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

కొమ్ముల పొడి సంగతి. వేసవి మొదట్లో, కొమ్ము ఇంకా లేతగా, నెత్తురు పారుతూ ఉన్నప్పుడు కోస్తారు. ఒకప్పుడు కొరియా వాళ్లు మందుల కోసం కొనేవారు, అలాస్కా కాపరులకు అదొక ఆదాయంగా ఉండేది. మీ పొట్టేలుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా నెమరువేసే జీవం శరీర భాగాన్ని మరో నెమరువేసే జీవానికి పెట్టకూడదు. మెదడును తినేసే ఒక రోగం 2016లో నార్వే అడవి రెయిన్‌డీర్‌లో బయటపడింది. అలాంటి రోగాన్ని తెచ్చేవి వేడికీ ఉడుకుకూ చావవు. ఎద బాగా రావాలంటే, దాటించే ముందు రెండు మూడు వారాలు గొర్రెకు రోజుకు 200–250 గ్రాముల మొక్కజొన్నో జొన్నో పెట్టి, దొడ్డిలో ఖనిజ లవణాల ఇటుక వేలాడదీయండి. మీ అల్లుడితో ఏదైనా తెప్పించుకోవాలంటే మంచి టార్చిలైటు తెప్పించుకోండి.