ప్రొఫెసర్ పరిశోధనాంశం ‘క్రిస్టల్ ఇంజనీరింగ్’ అంటే ఏమిటి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేద్దామనుకుంటూ, ప్రొఫెసర్ల పరిశోధనాంశాల్లో ఈ మాట చూసి అదేంటని అడిగారు.

ఇంజనీరింగ్ అన్నారని కంగారు పడకండి, ఇది నూటికి నూరుపాళ్లు కెమిస్ట్రీయే. ఘనపదార్థంలో అణువులు ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకుంటాయో తెలుసుకుని, మనకు కావలసినట్టు సర్దుకునేలా చేయడం. 1979 నుంచి 2009 దాకా అక్కడే పనిచేసిన గౌతమ్ దేశిరాజు ఈ రంగంలో ప్రపంచమంతా ఎరిగిన పేరు.

ఉపయోగమా? 1998లో రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందు క్యాప్సూల్స్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అణువు అదే. స్ఫటికం (క్రిస్టల్) మాత్రం కొత్త రూపంలోకి మారి, సరిగా కరగడం మానేసింది!

ప్రొఫెసర్ల పరిశోధనాంశాల్లో కనిపించే మరో మాట ‘టోటల్ సింథసిస్’ సంగతి వేరు. ప్రకృతిలో దొరికే చిక్కైన నిర్మాణమున్న అణువును చిన్న రసాయనాల నుంచి మెట్టుమెట్టుగా కట్టుకురావడం. అక్కడే ప్రొఫెసర్‌గా పనిచేసిన గోవర్ధన్ మెహతాకు పేరు తెచ్చింది ఇదే. ఇందులో పనంటే రోజంతా సిలికా జెల్ కాలమ్ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే గొట్టం) ముందు నిలబడటం, టీఎల్‌సీ ప్లేటును (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో చుక్కలుగా విడదీసి చూపే పలకను) యూవీ లైటు కింద పెట్టి చుక్కలు చూడటం. ఓపిక లేకపోతే టెన్షనే. ‘థియరెటికల్’ అని ఉంటే కంప్యూటరే ల్యాబ్.

అన్నట్టు, రాసి ఉన్న అంశాలు ఒక్కోసారి పాతబడిపోయి ఉంటాయి. గత రెండేళ్ల పేపర్లు చూశాకే గైడ్‌కు ఈమెయిల్ పెట్టండి.