సూది పరీక్షలో సి1 వస్తే క్యాన్సర్ లేనట్టేనా?

మీ అక్కగారి రొమ్ములో గడ్డకు ఎఫ్ఎన్ఏసీ (సన్నటి సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) చేస్తే సి1 వచ్చిందని, ఇక భయం లేనట్టేనా అని అడిగారు. అలా అనుకోకండి. సి1 అంటే చూసి చెప్పడానికి సరిపడా కణాలు సూదిలోకి రాలేదని మాత్రమే. సి2 అయితే మామూలు గడ్డ, సి5 అయితే క్యాన్సర్. సి3, సి4 అనుమానాలు.

అలాగని టెన్షన్ పడక్కర్లేదు, సి1 రావడం అరుదేమీ కాదు. సన్నటి సూదిని గడ్డలో గుచ్చి, ముందుకూ వెనక్కూ కదిపి, వచ్చిన కాస్త పదార్థాన్ని గాజు స్లైడు మీద పలచగా పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. గడ్డ గట్టిగా నారలా ఉన్నా, చిన్నదై సూది పక్కకు పోయినా కణాలు సరిగా రావు.

అందుకే ఈ రిపోర్టు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. డాక్టరు చేత్తో చూసింది, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూది పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. మీ డాక్టరు కోర్ బయాప్సీ రాశారన్నారు కదా, దయచేసి ఆలస్యం చేయకండి. ఆ చోట మత్తు ఇచ్చి, లావు సూదితో (మామూలుగా 14 గేజ్) చిన్న ముక్క తీస్తారు. ఒకవేళ క్యాన్సరే అయితే, అది పాలనాళం దాటిందా, ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే గ్రాహకాలు), హెర్2 (కణాల మీద ఉండే ఒక ప్రోటీన్) ఎలా ఉన్నాయన్నది ఆ ముక్కలో తెలుస్తుంది. విడి కణాలు చూసి నాళం దాటిందో లేదో చెప్పలేరు.

సూది గుచ్చితే జబ్బు పాకుతుందని మీ అత్తగారు అన్నారట. ఆ భయంతో బయాప్సీ మానేయకండి, నష్టం ఆలస్యంతోనే. వెళ్ళేటప్పుడు పాత స్లైడ్లు, స్కాన్ ఫిల్ములు పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పమనండి.