కునికిపాట్ల కుటుంబ ప్రార్థన

ప్రశ్న: మావగారి కాలం నుంచీ మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన ఉంది. ముప్పావు గంట పడుతుంది. బాబుకి 11 ఏళ్లు, పాపకి 7. పాట అవకముందే కునుకుతారు. మా ఆయనకి జూట్ మిల్లులో షిఫ్టులు. ఆయన లేని రోజు ప్రార్థనే ఉండదు. ఈ ఆనవాయితీ మాతోనే ఆగిపోతుందేమోనని బెంగ.
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు వేళ మార్చండి. అన్నం తిన్న ఏడేళ్ల పిల్లకి నిద్ర రాకపోతేనే ఆశ్చర్యం. కంచాలు పెట్టకముందే కూర్చోండి. 15 నిమిషాలు చాలు: పాట పల్లవి, రెండు చరణాలు, బైబిల్లో పది వచనాలు, వాటి మీద ఒక ప్రశ్న, తలా ఒక వాక్యం ప్రార్థన, చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన (‘పరలోకమందున్న మా తండ్రీ’). ఇంట్లో పెద్దలు ఇంకాసేపు ప్రార్థించాలనుకుంటే పిల్లలు లేచాక కొనసాగించుకోవచ్చు. ఈ మాట మీరు కాక మీ ఆయన చెబితేనే బాగుంటుంది.

బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం నుంచి వరసగా మొదలుపెడితే, రెండోదైన నిర్గమకాండంలో దేవుని గుడారం కొలతల దగ్గర పిల్లలు చేతులెత్తేస్తారు. యేసు జీవితం చెప్పే మార్కు సువార్త పట్టుకోండి. 16 అధ్యాయాలే, రోజుకు పది వచనాలైతే రెండు నెలల పైచిలుకు. బాబు చదవాలి, పాట పాప ఎంచాలి. పని లేని పిల్లలే కునుకుతారు. బైబిలు భాష గ్రాంథికం కాబట్టి, చదివిన సంగతిని ఇంటి మాటల్లో రెండు ముక్కల్లో చెప్పండి. ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగొద్దు. పక్షవాత రోగిని నలుగురు యేసు దగ్గరికి మోసుకొచ్చిన రెండో అధ్యాయమైతే ‘ఆ నలుగురూ ఇంటికప్పు ఎందుకు విప్పారు?’ అనండి.

అన్నిటికన్నా చేటు చేసేది ఒకటుంది. ‘ప్రభువా, వీడిచేత ఫోను మాన్పించు, లెక్కల్లో మార్కులు తెప్పించు’ అని పిల్లల తప్పులు ప్రార్థనలో ఏకరువు పెట్టడం. కళ్లు మూసుకుని కూర్చున్నవాడు ఎదురు చెప్పుకోలేడు. మర్నాటి నుంచి ప్రార్థన వేళకి వాడికి కడుపునొప్పి వస్తుంది.

మీ ఆయన డ్యూటీలో ఉంటే మీరే నడపండి. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి చెబుతూ అపొస్తలుడైన పౌలు పేరుపెట్టి తలచింది అతని అవ్వ లోయిని, తల్లి యునీకేని (2 తిమోతి 1:5).

ప్రశ్న: మా అత్తగారు వంటకి బియ్యం తీసినప్పుడల్లా దేవునికని పిడికెడు వేరే డబ్బాలో వేసేవారు. పిల్లలచేత మళ్లీ మొదలుపెట్టిస్తే పురుగు పట్టింది.
– టెక్కలి

జవాబు: తడిచేత్తో వేసుంటారు, లేదా పాత బియ్యం మీదే కొత్తవి పోసుంటారు. బియ్యం కడగకముందే, పొడిచేత్తో తీయించండి. బిగుతు మూత ఉన్న రెండు కిలోల డబ్బా సరిపోతుంది. నాలుగు ఎండుమిరపకాయలు వేయండి. చిన్నపిల్లల పిడికెడు 20 గ్రాములనుకున్నా, రెండు పూటలా వేస్తే నెలకి కిలో దాటుతుంది. తక్కువైందని మీరు కలపకండి, అది వాళ్ల కానుక. నెలనెలా మొదటి ఆదివారం పిల్లలే గుడికి మోసుకెళ్లాలి. ఫోనులో పంపే కానుక వాళ్ల కంటికి ఆనదు. డబ్బా ఖాళీ అయ్యాక తుడిచి, ఎండలో పెట్టాకే మళ్లీ నింపండి. గుడిలో బియ్యం తీసుకోకపోతే, ఎవరింటికి చేర్చాలో పాస్టరుగారిని అడగండి. ఒక్కటి మాత్రం చూసుకోండి: మీరు సన్నబియ్యం తింటూ డబ్బాలో కోటా బియ్యం వేయించొద్దు, పిల్లలు అదే నేర్చుకుంటారు.