కాళ్ల మీద పసుపు మచ్చలు: ఇది తామర కాదమ్మా!

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 39 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తాను. రెండు కాళ్లకీ మోకాలి కింద ముందువైపు ఎర్రగా మొదలైన మచ్చలు ఇప్పుడు మధ్యలో పసుపు రంగుకి తిరిగి మెరుస్తున్నాయి. దురద లేదు. మెడికల్ షాపులో తామర అని ట్యూబు ఇచ్చారు, తగ్గలేదు. మిర్చి ఘాటు వల్లా? పిల్లలకి అంటుకుంటుందా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: పిల్లల గురించి టెన్షన్ వద్దమ్మా, ఇది అంటుకునేది కాదు. మిర్చి వల్ల వచ్చేదైతే మంటా దురదా ఉంటాయి, అదీ ముందు చేతులకే వస్తుంది. మీరు రాసిన తీరు చూస్తే నెక్రోబయోసిస్ లిపోయిడికా అనే చర్మ సమస్య అనిపిస్తోంది. షుగర్ ఉన్నవాళ్లలో సుమారు 0.3 నుంచి 1.2 శాతం మందికే వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ. లోపల చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ దెబ్బతిని మచ్చ మధ్యలో చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది, అందుకే సన్నటి రక్తనాళాలు కూడా పైకి కనిపిస్తాయి.

ఆ ట్యూబు వెంటనే ఆపేయండి. తామరకని అమ్మే చాలా ట్యూబుల్లో గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది పల్చబడిన చోట పడితే చర్మం ఇంకా పాడవుతుంది. ఇదే స్టెరాయిడ్‌ని స్కిన్ డాక్టర్ కూడా వాడతారు, కానీ ఎర్రగా పాకుతున్న అంచుకే రాయిస్తారు, లేదా అక్కడే ఇంజెక్షన్ చేస్తారు. కొందరికి టాక్రోలిమస్ అనే పూత మందు, కాంతి కిరణాలతో చికిత్స ఇస్తారు. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం ఎవరో చెప్పారని మింగకండి, షుగర్ అమాంతం పెరిగిపోతుంది.

అందరికీ ఖాయంగా పనిచేసే మందంటూ లేదు. షుగర్ అదుపులోకి వస్తే మచ్చలు పోతాయన్న హామీ కూడా లేదు, అయినా కళ్లకీ కిడ్నీలకీ గాయాలు మానడానికీ అది తప్పనిసరి కాబట్టి ఆ మందులు మానొద్దు.

నాకు అసలు భయం పుండు గురించే. దాదాపు మూడో వంతు మందికి చిన్న దెబ్బకే పుండు పడుతుంది, పట్టాన మానదు. గోనె సంచులూ ఎత్తుపీటలూ తగలకుండా మోకాలి దాకా మెత్తటి మేజోళ్లు వేసుకోండి, గోకొద్దు. ఏళ్ల తరబడి మానని పుండు అరుదుగా క్యాన్సర్‌గా మారొచ్చు, అందుకే చర్మం చిట్లితే పసుపో ఆకుపసరో పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకండి. ఈ వారంలోనే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) స్కిన్ ఓపీకి వెళ్లండి, అనుమానం ఉంటే చర్మం చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్ష (బయాప్సీ) చేస్తారు. వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టులతో పాటు ఆ ట్యూబు కూడా తీసుకెళ్లి చూపించండి.